మూత బిగించిన పైపు

ప్లాను కాగితంలో కింది బాత్రూము మూల చిన్న సున్నా ఒకటి గీసి ఉంది. దాని పక్కన ఏమీ రాసి లేదు. ఇంకెవరైనా అయితే చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు. డ్రిల్లు టీచరమ్మ వదిలే మనిషి కాదు. వరసల్లో నిలబెట్టిన పిల్లల్లో ఎవరి చెప్పు పట్టీ ఊడిందో గ్రౌండు అవతలి చివర నుంచి పట్టేసిన కళ్ళవి. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయినా ఆ చూపులో పదును మాత్రం దిగలేదు.

"ఇదేంటి?" అని సున్నా మీద వేలు పెట్టింది.

ఇల్లు కట్టేది ఆవిడ స్థలంలోనే. పాత పెంకుటిల్లు పడగొట్టి, అదే చోట కింద ఆవిడకీ, పైన కొడుకూ కోడలికీ విడివిడిగా ఉండేలా కొత్తది లేపుతున్నారు. ప్లాను గీసింది కోడలు. ఆ అమ్మాయికి ఆఫీసులో పని కూడా అదే, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి ప్లాన్లు గీయడం. ఇల్లు పూర్తయ్యేదాకా ముగ్గురూ వెనక వీధిలో అద్దెకి దిగి సర్దుకుంటున్నారు. సర్దుకున్నవి సామాన్లే. మనుషులు సర్దుకున్నది లేదు.

"అది తర్వాతకి, అత్తయ్యా," అంది కోడలు, కాగితం మడవబోతూ.

"దేని తర్వాతకి?"

"ఇప్పుడు మీరు కావాలన్నట్టు నేల మీద కూర్చునే బేసినే పెడుతున్నాం. దాని పక్కనే ఇంకో పైపు వేసి, మూత బిగించి వదిలేస్తాం. పైన టైల్స్ పరిచేస్తే కనపడను కూడా కనపడదు. ఎప్పుడైనా కమోడ్ పెట్టుకోవాలనుకుంటే ఆ ఒక్క టైలు తీస్తే సరిపోతుంది. ఇప్పుడు వెయ్యకపోతే అప్పుడు నేలంతా తవ్విపోసుకోవాలి."

చెప్పింది సబబుగానే ఉంది. ప్లంబరు కూడా తలూపాడు. మేస్త్రీ తాపీ పక్కన పెట్టి వింటున్నాడు. ఇసక మోసే ఆడవాళ్ళిద్దరు గోడ నీడలో మంచినీళ్ళు తాగుతూ ఇటే చూస్తున్నారు.

"ఎవరికి కమోడ్?" అంది టీచరమ్మ.

"ఎవరికైనా."

"కింద ఉండేది నేనొక్కదాన్నే. ఎవరికైనా అంటే ఎవరికి? నాకేగా?"

"మీకనే ఎందుకనుకోవాలి? చుట్టాలొస్తారు, పక్కాలొస్తారు."

"చుట్టాల కోసం నా బాత్రూములో గొయ్యి తవ్వుతున్నావన్నమాట. నేనెప్పుడు కుప్పకూలతానా అని ఇప్పట్నించే కాచుక్కూర్చున్నావ్. మంచం కూడా గీశావా ఎక్కడైనా? చూపించు, చూస్తాను. చక్రాల కుర్చీ ఎక్కడ పెడతావ్?"

"మీరు కూలరని నాకు తెలుసు," అంది కోడలు చల్లగా. "మీ చేతిలో కూలేవాళ్ళు వేరే ఉంటారు లెండి."

నీళ్ళు తాగుతున్న ఇద్దరిలో ఒకావిడ పొలమారి దగ్గింది. టీచరమ్మకి అది నవ్వులా వినపడింది. తల కొట్టేసినట్టయింది ఆవిడకి.

ఈ వైరం పెళ్ళితో మొదలైంది కాదు. ఈ కోడలు ఒకప్పుడు ఆ బళ్ళోనే, ఆవిడ చేతి కిందే చదువుకుంది. బొద్దుగా ఉండేది. ఆటల పీరియడ్ అనగానే తలనొప్పి తెచ్చుకునేది. గ్రౌండులో దూకడానికి నిలబెట్టిన కర్ర గుర్రం మీంచి దూకే వంతు వచ్చినప్పుడల్లా వరస చివరికి జారుకునేది. "ఏయ్ మూటా, ముందుకి రా!" అని టీచరమ్మ ఒకసారి అరిచింది. ఆవిడకది నోటికొచ్చిన సవాలక్ష మాటల్లో ఒకటి. కానీ మిగతా పిల్లలకి పండగైంది. ఆ బడి వదిలేదాకా ఆ పిల్లకి ఇంకో పేరు లేకుండా పోయింది. తర్వాత ఏ గాలి ఎటు వీచిందో, కొడుకు వచ్చి ఫలానా అమ్మాయిని చేసుకుంటానని చెప్పినప్పుడు టీచరమ్మ ఆ అమ్మాయిని పోల్చుకోనే లేదు. అమ్మాయి మాత్రం పోల్చుకుంది. నలుగురిలో "అత్తయ్యా" అని పిలిచేది. ఒళ్ళు మండినప్పుడు "టీచర్" అనేది. ఆ మాట ఆవిడకి చెంప మీద కొట్టినట్టుండేది.

కొడుకు మందుల షాపులో పనిచేస్తాడు. తలనొప్పికో మాత్ర, కడుపుమంటకో మాత్ర ఠక్కున తీసివ్వగలడు. ఇంట్లో ఈ ఇద్దరి మధ్యా మాట పెరిగితే మాత్రం నీళ్ళు నమలడం తప్ప ఇంకేం చేతకాదు.

ఇంతకీ అసలు సంగతి వేరే ఉంది. అది టీచరమ్మకి తప్ప నరమానవుడికి తెలియదు, లేదా తెలియదని ఆవిడ అనుకుంటోంది. ఆవిడ మోకాళ్ళు పోయాయి. మాటంటే ఒంటికాలి మీద లేచే మనిషికి ఇప్పుడు రెండు కాళ్ళ మీద లేవడమే గగనమైపోయింది. నడిస్తే నడవగలదు. కుర్చీలోంచి, చేతులు ఆనించి, ఎలాగో లేవగలదు. నేల మీద కూర్చుంటే మాత్రం అంతే సంగతులు. రోజూ పొద్దున్నే అద్దె ఇంటి బాత్రూములోకి వెళ్ళడమంటే ఆవిడకి యుద్ధానికి వెళ్ళినట్టే. ముందు కుళాయి విప్పి బకెట్టులోకి నీళ్ళు ధారగా వదిలేది, లేచేటప్పుడు నోట్లోంచి వచ్చే మూలుగు బయటికి వినపడకుండా. తర్వాత ఆ కుళాయి మెడే రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, ఒళ్ళంతా దాని మీద వేలాడేసి పైకి లాక్కునేది. లేచాక గోడకి నుదురు ఆనించుకుని, గుండె దడ తగ్గేదాకా నిలబడేది. బయటికి వచ్చేటప్పుడు మాత్రం వెన్ను నిటారు, గడ్డం పైకి. "బాత్రూములో అంతసేపా అమ్మా?" అని కొడుకంటే, "నీలాగా కాకి స్నానం కాదురా నాది," అనేది.

ప్లాను గీసేటప్పుడు కింద కమోడ్ పెట్టిద్దామా అని కొడుకు అడిగాడు. అడిగిన తీరు బాగుంటే ఒప్పుకునేదేమో. వాడు పెళ్ళాం వైపు చూసి మరీ అడిగాడు. "కుర్చీ మీద కూర్చుని ఆ పని చెయ్యడానికి నాకేం రోగం?" అని ఎగిరిపడింది. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకి బళ్ళోనూ లేదు, ఇంట్లోనూ లేదు.

ఇప్పుడు ఆ సున్నా చూడగానే కడుపులో ఒక్క క్షణం హాయిగా అనిపించింది. నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆ హాయి వచ్చింది కోడలి చేతి మీదుగా అని గుర్తుకు రాగానే అంతకి అంతా మంటెక్కింది. దాహంతో చచ్చిపోతున్నా ఆ చేతిలో గ్లాసు అందుకోలేని పరిస్థితి ఆవిడది.

మర్నాడు కోడలు ఆఫీసుకి వెళ్ళాక, టీచరమ్మ గొడుగు ఊతంగా చేసుకుని కొత్త ఇంటికి వెళ్ళింది. ప్లంబరు మట్టిలో గాడి తవ్వించి పైపులు పరుస్తున్నాడు. పక్కన పెట్టిన ముక్క ఒకదానికి అప్పుడే మూత బిగించి ఉంది.

"అది వద్దు," అంది.

"ఏది అమ్మగారూ?"

"ఆ మూతది. తీసెయ్. బేసిన్ పైపు ఒక్కటి చాలు."

ప్లంబరు ఇబ్బందిగా నవ్వాడు. "చిన్నమ్మగారు దగ్గరుండి గుర్తు పెట్టించారండి. ఆవిడకొక మాట చెప్పి..."

"స్థలం ఎవరిది?"

"మీదేనండి."

"బాత్రూము ఎవరిది?"

"అదీ మీదేనండి. కానీ రేపు పొద్దున ఆవిడొచ్చి నన్ను దులిపేస్తే?"

"నా పేరు చెప్పు. మూత ఇటు ఇయ్యి."

అతను ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, మూత విప్పి ఆవిడ చేతిలో పెట్టి, పైపు ముక్క పక్కకి తీసేశాడు. ఆ సాయంత్రానికి గాడి పూడ్చేశారు. మర్నాడు పైన కాంక్రీటు పోశారు, బేసిన్ కూర్చోబెట్టారు. తడి సిమెంటు చూస్తూ నిలబడ్డ టీచరమ్మకి గెలిచినట్టే ఉంది. ఇంటికి వచ్చి ఆ రాత్రి మోకాళ్ళకి నూనె రాసుకుంటుంటే మాత్రం, ఏం గెలిచిందో ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

కోడలు ఆ వారం చివర్లో చూసింది. బాత్రూము నేల మీద అటూ ఇటూ నడిచింది, గోడకి టేపు ఆనించి కొలిచింది, చెప్పు మడమతో రెండుసార్లు తన్ని చూసింది. ప్లంబరు పిలవకుండానే వచ్చి, "పెద్దమ్మగారు చెప్పారండి," అన్నాడు.

ఆ సాయంత్రం వీధి తలుపు దగ్గర చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "పైపు తీయించేశారట?"

"తీయించాను."

"ఎందుకు?"

"నాకవసరం లేదు కనక."

"నేను గీసిందంటే చాలు, మీకవసరం ఉండదు. అన్నం నేను వండితే ఆకలుండదు, ఫ్యాను నేను వేస్తే ఉక్కపోయదు. అంతేనా టీచర్?"

"అంతే అనుకో."

"సరే. ఇంక కింద మీకేం కావాలో మీరే చెప్పించుకోండి. పైన మాకు కావలసింది మేం కట్టుకుంటాం. పైన కమోడే పెట్టిస్తున్నాను. ఎప్పుడైనా కావాలంటే మెట్లెక్కి రండి."

ఆ చివరి మాట సూటిగా వెళ్ళి మోకాలి చిప్ప కింద గుచ్చుకుంది. కొడుకు లోపల్నించి వచ్చి, "ఇప్పుడు ఈ బాత్రూముల గోల ఎందుకు..." అని మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు. వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు బంద్. "పాలు వచ్చాయని మీ అమ్మగారికి చెప్పండి," అని కోడలు ఎదురుగా ఉన్న అత్తగారిని వదిలేసి మొగుడితో అనేది. "కరెంటు బిల్లు ఎవరో కట్టలేదుట, కనుక్కోరా," అని టీచరమ్మ అదే గదిలోంచి అనేది. ఇద్దరి మధ్యా మాటలు మోసుకుంటూ తిరగలేక కొడుకు షాపులో ఓవర్‌టైము చేయడం మొదలుపెట్టాడు. ఒకే గిన్నెలో వండిన కూర ఇద్దరూ వేరు వేరు వేళల్లో తినేవారు. ఒకరు కూర్చున్న కుర్చీలో ఇంకొకరు కూర్చునేవారు కాదు.

అలా ఉండగా, ఒకరోజు మధ్యాహ్నం, కోడలు సెలవు పెట్టి ఇంట్లోనే ఏదో ప్లాను గీసుకుంటోంది. టీచరమ్మ బాత్రూములో ఉంది. మామూలుగానే కుళాయి విప్పింది. మామూలుగానే దాని మెడ పట్టుకుని ఒళ్ళు పైకి లాగింది. సగం లేచింది. అప్పుడు గోడలో ఏదో పటుక్కుమంది. కుళాయి ఆవిడ చేతుల్లోకే ఊడి వచ్చేసింది. నీళ్ళు ఫిరంగిలా మొహం మీద కొట్టాయి. ఆవిడ పక్కకి ఒరిగి, వీపు గోడకి రాసుకుంటూ జారి, బేసిన్ పక్కన ఒత్తిగిలి కూలబడింది. ఎముకలేం విరగలేదు. కానీ కాళ్ళు రెండూ కింద మడత పడిపోయాయి. అవి ఎవరివో కాళ్ళలా ఎంత చెప్పినా మాట వినడం లేదు.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు ఆగింది.

"ఏమైంది?" కోడలి గొంతు. ఇన్ని రోజుల్లో ఆ గొంతు నేరుగా ఆవిడని అడిగిన మొదటి మాట.

టీచరమ్మ ఊడిన కుళాయిని గోడ కన్నానికి అదిమి పెట్టబోయింది.

"అత్తయ్యా, ఏమైందంటే?"

"ఏం కాలేదు. కుళాయి ఊడింది. నీళ్ళు కట్టెయ్."

అడుగులు పెరట్లోకి పరుగెత్తాయి. కాసేపటికి ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. అడుగులు మళ్ళీ వచ్చాయి.

"గెడ తియ్యండి."

"అక్కర్లేదు."

"అక్కర్లేకపోతే బయటికి రండి."

టీచరమ్మ తడి గోడకి అరిచెయ్యి ఆనించి లేవబోయి జారింది.

"లేవలేకపోతున్నారా?"

"నీకెందుకు? వాడొచ్చాక వాడు చూసుకుంటాడు."

"ఆయన రాత్రి గానీ రారు. అప్పటిదాకా అక్కడే కూర్చుంటారా?"

"కూర్చుంటా."

"కూర్చోండి. కొడుకొచ్చి తలుపు బద్దలుకొట్టి, ఆ తడిబట్టల్లో, ఆ బేసిన్ పక్కన మిమ్మల్ని చూడాలనుంటే హాయిగా కూర్చోండి. పోనీ పక్కింటాయన్ని పిలవమంటారా? ఆయనకి బలం ఎక్కువ."

"పిలిచావంటే జన్మలో నీ మొహం చూడను!"

"ఇప్పుడు మాత్రం చూస్తున్నారా ఏంటి?"

టీచరమ్మకి కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికే మొహమంతా తడే కనక, ఏవి ఏ నీళ్ళో చెప్పడానికి లేదు. అవతల కోడలు తలుపుకి ఆనుకుని కింద కూర్చున్న చప్పుడైంది. చెక్క తలుపు కొంచెం కిర్రుమంది.

"ఆ కుళాయి వంగిపోతోందని నాకు తెలుసు," అంది కోడలు. గొంతు ఇప్పుడు నేలకి దగ్గరగా, తలుపు కింది సందులోంచి వస్తోంది. "రోజూ కొంచెం కొంచెం వంగేది. బకెట్టు నిండిపోయి పొర్లుతున్నా కుళాయి కట్టేవారు కాదు. గోడలు చూడటమే నా పని. గోడ మీద నుదుటి మరక ఎక్కడ పడుతోందో కనపడదా?"

"తెలిసే గీశావా ఆ సున్నా?"

"తెలిసే గీశాను."

"మరి తర్వాతకి అని ఎందుకన్నావ్?"

"ఇప్పటికి అంటే ఆ కాగితం నా మొహాన కొట్టేవారు. తర్వాతకి అంటే పైపన్నా వెయ్యనిస్తారనుకున్నాను. అదీ పీకించేశారు."

"నా మీద జాలి పడమని నిన్నెవరు అడిగారు?"

అవతల ఫక్కుమని నవ్వు వినిపించింది. అందులో నవ్వు పాలు తక్కువే. "జాలా? మీ మీదా? మీరు పడితే ఎత్తాల్సింది నేను. మీ అబ్బాయికి వేలు తెగితేనే కళ్ళు తిరుగుతాయి. నా నడుము నాకు ముఖ్యం. అందుకు గీశాను."

వింతగా, ఆ మాట వినగానే టీచరమ్మకి గుండె మీది బరువు కొంచెం దిగింది. జాలి అయితే ఆవిడ ఆ నేల మీదే చచ్చిపోయేది. ఇది జాలి కాదు. ఇది తనకి బాగా అలవాటైన పాత కక్షే. కక్షతో అయితే ఎలా మసలుకోవాలో ఆవిడకి తెలుసు.

"ఇప్పుడేం చెయ్యమంటావ్?" అంది.

"గెడ మీకు ఎంత దూరంలో ఉంది?"

"చేతికందదు."

"అయితే వినండి. రెండు అరిచేతులూ నేల మీద పెట్టండి. ఒక పక్కకి తిరిగి బోర్లా రండి."

"నాకు నువ్వు నేర్పుతావా?"

"నేర్పుతాను. చేతులు పెట్టారా?"

పెట్టింది. తిరిగింది. తడి చీర ఒంటికి చుట్టుకుపోయి కదలనివ్వడం లేదు.

"కొంగు తీసి ఉండలా చుట్టి మోకాళ్ళ కింద పెట్టుకోండి. నేల గుచ్చుకోదు. ఇప్పుడు మోకాళ్ళ మీదికి."

"అయ్యో... నా వల్ల కాదే."

"నా వల్ల కాదు అని నేనంటే మీరు ఊరుకున్నారా?"

టీచరమ్మ ఆయాసపడుతూనే అంది. "ఊరుకోలేదు కాబట్టే ఆ గుర్రం మీంచి దూకావ్."

"దూకలేదు టీచర్. పడ్డాను. గడ్డం చీరుకుపోయింది. మీరు విజిలేసి పక్క వరస దగ్గరికి వెళ్ళిపోయారు. ఊఁ, ముందుకి. కుడి చెయ్యి, ఎడమ మోకాలు. ఆగకండి."

ఆ సంగతి టీచరమ్మకి ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. అలాంటి పిల్లలు ఎంతమందో. అడగడానికి ఊపిరీ లేదు. కుడి చెయ్యి, ఎడమ మోకాలు. ఎడమ చెయ్యి, కుడి మోకాలు. నీళ్ళ మడుగులో పాక్కుంటూ ప్రతి కదలికకీ కోడల్ని తిట్టింది. కోడలు ఒక్క తిట్టుకీ జవాబివ్వకుండా, "ముందుకి... ఇంకొంచెం... ముందుకి," అంటూనే ఉంది. తలుపు చేతికి తగిలింది. గోళ్ళతో చెక్క పట్టుకుని, ఒళ్ళు సాగదీసి, చూపుడు వేలితో గెడ కొట్టింది. అది రెండోసారికి జారి వచ్చింది.

తలుపు బయటికి తెరుచుకుంది. కోడలు వంగి, మొహం పక్కకి తిప్పుకోకుండా, సూటిగా ఆవిడని చూసింది. ఆ చూపులో మెత్తదనమేమీ లేదు. చంకల కింద చేతులు దూర్చి, ఒక్క ఊపున ఎత్తింది.

"మెల్లగా లాగవే!"

"మెల్లగా లాగితే లేవరు."

కుర్చీలో కూలేసి, పొడి చీర తెచ్చి ఒళ్ళో విసిరేసి, తడినేల తుడవడానికి వెళ్ళింది. టీచరమ్మ వణుకుతూ చీర మార్చుకుంది. ఊడిన కుళాయి ఇంకా ఆవిడ పిడికిట్లోనే ఉంది.

రాత్రి కొడుకు వచ్చి గోడలో కన్నం చూసి, "తుప్పు పట్టి ఉంటుంది," అన్నాడు. ఇద్దరూ ఒకే రకంగా అతని వైపు చూశారు. తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

పొద్దున్నే టీచరమ్మ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడింది. "ఆఫీసుకి ఆ దారినే వెళ్తావుగా," అంది కోడలితో, మొహం వీధి వైపు పెట్టి. ఇద్దరూ కొత్త ఇంటికి నడిచారు. పక్కపక్కన నడవలేదు. కోడలు ముందు, ఆవిడ వెనక. కానీ కోడలు ఎప్పుడూ నడిచే వేగంతో నడవలేదు.

ప్లంబరు, మేస్త్రీ, ఇసక ఆడవాళ్ళు, అందరూ అక్కడే ఉన్నారు. టీచరమ్మ బాత్రూము గుమ్మంలో నిలబడి, గ్రౌండులో మాట్లాడినట్టు గొంతు పెంచింది. "ఆ రెండో పైపు వద్దన్నది నేను. ఇప్పుడు కావాలన్నదీ నేనే. మధ్యలో ఎవరూ ఏమీ అనక్కర్లేదు."

"కాంక్రీటు పగలగొట్టాలండి," అన్నాడు ప్లంబరు. "బేసిన్ కూడా కదిలిపోతుంది."

"కదలనీ. బేసిన్ తీసెయ్."

"అయితే పైపు వేసి మూత బిగించమంటారా?"

"మూతెందుకయ్యా?" అని అరిచింది. "కమోడ్ పెట్టెయ్. తర్వాతా లేదు, గిర్వాతా లేదు."

కోడలు అంతటితో ఊరుకుంటే గొప్ప మనిషి అయ్యుండేది. ఊరుకోలేదు. సంచీలోంచి టేపు తీసి, మేస్త్రీ స్టూలు కాలితో ఇటు జరిపింది. "కూర్చోండి."

"ఎందుకు?"

"మోకాలి ఎత్తు కొలవాలి. ఎంత ఎత్తులో పెడితే లేవగలరో తెలియాలిగా."

"ఇక్కడా? వీళ్ళందరి ముందా?"

"పైపు పీకించింది వీళ్ళ ముందేగా."

టీచరమ్మ పళ్ళు నూరింది. కూర్చుంది. కోడలు నేల మీద గొంతుక్కూర్చుని, మడమ నుంచి మోకాలి మడత దాకా టేపు లాగి, "లేవండి" అంది. లేవలేకపోయింది. మేస్త్రీ రెండు ఇటుకలు తెచ్చి స్టూలు కాళ్ళ కింద పెట్టాడు. మళ్ళీ కూర్చోమంది, మళ్ళీ లేవమంది. ఇంకా ఎత్తు చేశారు. మూడోసారి కూర్చున్నప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. ఇసక ఆడవాళ్ళలో పెద్దావిడ, "మా అమ్మకీ ఇంతే ఎత్తు కావాల్సొచ్చింది," అంది మామూలుగా, తట్ట నెత్తికెత్తుకుంటూ. ఎవరూ నవ్వలేదు.

"గోడకి రాడ్లు కూడా వెయ్యాలి, రెండు పక్కలా," అంది కోడలు.

"రాడ్లా? ఇల్లు కడుతున్నావా, ఆసుపత్రి కడుతున్నావా?"

"కుళాయిలు మిగలాలంటే రాడ్లుండాలి."

"ఒకటి చాలు."

"రెండు."

"నా బాత్రూము!"

"నా నడుము!"

ప్లంబరు ఒకరి తర్వాత ఒకరి మొహం చూసి, గోడ మీద రెండు చోట్లా సుద్దముక్కతో గీత గీసుకున్నాడు. గెడ గురించి ఇంకో అరపూట వాదన జరిగింది. అవసరమైతే బయట నుంచి తీయగలిగే గెడ ఉండాలని కోడలు పట్టుబట్టింది. తను లోపలుండగా ఎవడైనా తీస్తే చేతులు విరగ్గొడతానని టీచరమ్మ అంది. చివరికి అలాంటి గెడే పెట్టారు. చేతులు విరగ్గొట్టే మాట మాత్రం ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

గృహప్రవేశమైన మర్నాటి నుంచి ఎవరి పొయ్యి వాళ్ళది. బాగున్నారా అంటే బాగానే ఉన్నారు. కలిసిపోయారా అంటే, లేదు. పైనుంచి కోడలు తడిబట్టలు ఆరేస్తే, కింద వరండాలో చుక్కలు పడుతున్నాయని టీచరమ్మ కేకలేసేది. కింద టీచరమ్మ రేడియో పెడితే, పైన కిటికీ రెక్కలు ధడాలున మూసుకునేవి. కొడుక్కి షాపులో ఓవర్‌టైము తప్పలేదు.

ఆ మొదటి వారంలోనే ఒకరోజు పొద్దున, టీచరమ్మ బాత్రూములో ఉండగా, తల పక్క గోడలోంచి వరద వచ్చినట్టు హోరుమని చప్పుడైంది. పైన బాత్రూము నుంచి కిందికి దిగే పైపు సరిగ్గా ఆ గోడలోంచే వెళ్తోంది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. రాడ్డు మీద చెయ్యేసి లేచింది, చీర సర్దుకుంది, విసవిసా పెరట్లోకి వెళ్ళి తల పైకెత్తింది.

"ఆ పైపు పోనివ్వడానికి నీకు నా గోడే దొరికిందా? బుద్ధున్న వాళ్ళెవరైనా అక్కడ పెడతారా?"

పైన కిటికీ తెరుచుకుంది. కోడలు నోట్లో బ్రష్షుతో బయటికి తొంగి చూసింది. తీరిగ్గా ఉమ్మేసి, మూతి తుడుచుకుంది.

"ప్లాను ఎన్నిసార్లు చూశారు, అది కనపడలేదా? అక్కడ పెట్టాలనే పెట్టాను టీచర్."

కిటికీ మూసుకుంది. అది నిజమో, ఒళ్ళు మండి అన్న మాటో టీచరమ్మకి అంతుపట్టలేదు. దీనికి దీటైన జవాబు ఏమిటా అని వెతుక్కుంటూ, మెట్ల పక్క గోడకి చెయ్యి ఆనించి, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.